తిరుగుదారిలో చూపు



గుంటూరునుండి విజయవాడకు పోవు రాజమార్గము ప్రక్కన, మా పెదకాకానిలో, శంకర కంటి ఆసుపత్రి కలదు. చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చి, శుక్లములకు శస్త్రచికిత్స చేయించుకొని, నల్లకళ్లద్దములు పెట్టుకొని తిరిగిపోవు వృద్ధులలో ఎవరిని పలుకరించినను, ఏ కంటికి శుక్లము వచ్చినదో, ఎన్నాళ్లనుండి చూపు మసకబారినదో, డాక్టరుగారు ఏమి చెప్పినారో పూసగ్రుచ్చినట్లు చెప్పుదురు. మోకాళ్ల నొప్పులనుగూర్చి అడుగనక్కర లేదు, వారే చెప్పుదురు. చక్కెరవ్యాధి యైనచో పరగడుపున ఎంత, భోజనానంతరము ఎంత యని అంకెలతో సహా అప్పగించుదురు. కాని విరేచనము వెంట నెత్తురు పడుచున్నదను మాట కొడుకుతో చెప్పుకొన్న తండ్రి, భర్తతో చెప్పుకొన్న భార్య మన పల్లెలలో మిక్కిలి అరుదు. చెప్పుకొన్నను, ఆ మాట పోయి ఆగునది మొలల వైద్యుని గడపదగ్గర. మన ఊళ్ల గోడలమీద, కరెంటు స్తంభములమీద, మొలలను కోత లేకుండ నయము చేయుదుమను ప్రకటనలు ఎన్ని కనబడుచున్నవో మీరెరుగుదురు. మొలలు లేవని కాదు, కావలసినన్ని యున్నవి. అయితే మొల యున్నంతమాత్రమున దానికి పైన, కంటికందని చోట, మరియొక జబ్బు ఉండరాదన్న నియమము లేదు గదా.

ఆ కంటికందని చోటును చూచు పరీక్షకు కొలనోస్కోపీ యని పేరు. మన రోగులు దానిని గొట్టం పరీక్ష యనియు, కెమేరా పరీక్ష యనియు అందురు. ఈ పరీక్ష చేయించుకొమ్మని హితవు చెప్పువారు నేడు చాలమంది యున్నారు కావున ఆ పని నేను చేయను. ఒకే పేరుతో, ఒకే యంత్రముతో, ఇంచుమించు ఒకే రుసుముతో జరుగు పరీక్ష ఒకచోట ప్రాణము నిలుపునదిగను, మరియొకచోట వట్టి తంతుగను ఎట్లుండగలదో, ఆ భేదము ఎక్కడ పుట్టుచున్నదో, దానిలో వైద్యుని పాలెంత, రోగి పాలెంత యన్నది ఈ పూట నా ప్రసంగవిషయము.

పెద్దపేగు పొడవు సుమారు 5 అడుగులు. ఆసనమునుండి లోనికి పోవుకొలది మొదట పురీషనాళము, పిదప మెలికలు తిరిగిన సిగ్మాయిడ్ భాగము, అక్కడనుండి పొట్ట యెడమవైపున పైకెక్కి ప్లీహము దగ్గర ఒక మలుపు, పిమ్మట పొట్టకు అడ్డముగా కుడివైపునకు సాగి కాలేయము క్రింద మరియొక మలుపు, ఆపైన కుడివైపున క్రిందికి దిగి, చిన్నపేగు వచ్చి కలియు తావున అంధనాళముతో ముగియును. ఈ దారిలో నిలువుగా నున్న రెండు భాగములును వెనుకగోడకు అతుకుకొని కదలక యుండును. సిగ్మాయిడును, అడ్డముగా నున్న భాగమును మాత్రము పలుచని పొరను పట్టుకొని వ్రేలాడుచు, ఎటు లాగిన అటు సాగును. గొట్టమును లోనికి పంపువాని కష్టమంతయు ఈ సాగు గుణమునందే యున్నది.

ఈ కష్టమును మానవుడు దాటిన వైనము వినదగినది. వంగు గాజునూలు దుర్భిణిని 1957లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున బేసిల్ హిర్షోవిట్జ్ జీర్ణాశయపరీక్షకు సిద్ధము చేసెను. జీర్ణాశయమునకు నోటినుండి దారి దగ్గర, వంపులు తక్కువ. పెద్దపేగు అట్లు లొంగలేదు. 1965లో ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపమున, కాల్యారీ నగరములో, ప్రొవెంజాలే, రెవిన్యాస్ అను వైద్యులు రోగిచేత సన్నని గొట్టమును మ్రింగించి, అది పేగులన్నియు దాటి క్రిందినుండి వెలువడిన పిమ్మట దాని కొసకు దుర్భిణిని కట్టి, గిలక సాయమున పైనుండి లాగి, అంధనాళమువరకు చేర్చిరి. ఆ రోగి యెవరో గాని, అతని ఓరిమికి చేతులెత్తి మ్రొక్కవలెను. తరువాత నాలుగేండ్లకు, న్యూయార్కులోని బెత్ ఇజ్రాయెల్ వైద్యాలయమున విలియం వోల్ఫ్, హిరోమి షిన్యా యనువారు, పైనుండి లాగువారెవ్వరును లేకుండ, క్రిందినుండియే చేతి నేర్పుతో పేగు తుదిని చేరవచ్చునని చూపిరి. ఆ 1969లోనే షిన్యా సన్నని తీగ ఉచ్చును గొట్టములోనుండి పంపి, పాలిప్పు అను బుడిపెను కాడదగ్గర బిగించి, విద్యుత్తుతో కోసి బయటికి తీసెను. అంతవరకు పొట్ట కోసినగాని అందని బుడిపె నాటినుండి రోగి లేచి నడిచిపోవు చికిత్సకు లోబడినది. తొలిదినములలో ఈ గొట్టమును ఇద్దరు పట్టెడివారు: ఒకరు చక్రములు త్రిప్పుచుండ, మరియొకరు గొట్టమును నెట్టెడివారు. షిన్యా ఆ రెండు పనులను ఒక్కని చేతులకే తెచ్చెను. చక్రములు ఎడమచేతికి, గొట్టము కుడిచేతికి వచ్చినవి. నేటికిని ప్రపంచమంతట నడచుచున్నది ఆ పద్ధతియే. 1983 ప్రాంతమున గొట్టపు కొసకే చిన్న కెమేరా అమర్చుట వచ్చినది. వైద్యుడు గొట్టపు కొనకు కన్ను ఆనించి చూచుట పోయి, గదిలోనివారందరును తెరమీద చూచుట వచ్చినది.

ఇక చేతి పని సంగతి. ఎడమచేతి పిడిమీద రెండు చక్రములుండును. పెద్దది త్రిప్పినచో గొట్టపు కొస పైకిని క్రిందికిని, చిన్నది త్రిప్పినచో కుడియెడమలకును వంగును. వ్రేళ్ల క్రింద రెండు మీటలు. ఒకటి గాలిని, నీటిని లోనికి పంపును, రెండవది లోనిదానిని పీల్చును. చూచువారికి విద్య యంతయు ఈ చక్రములలో నున్నట్లు తోచును గాని, చేయి తిరిగినవాని రహస్యము కుడిచేతి మణికట్టులో నున్నది. గొట్టము సిగ్మాయిడ్ చేరగానే క్రొత్తగా నేర్చువాడు చేయు పని ముందునకు నెట్టుట. నెట్టినకొలది గొట్టము లోనికి పోవుచునే యుండును. తెరమీది చిత్రము మాత్రము కదలదు, ఒక్కొక్కపుడు వెనుకకు కూడ జారును. పొట్టలో గొట్టము చుట్ట చుట్టుకొనుచున్నదని దాని అర్థము. పేగు సాగును, పేగును పట్టియున్న పొర బిగియును, రోగికి ప్రాణము జివ్వుమనును. ఈ పరీక్షలో రోగి యెరుగు నొప్పి చాలవరకు ఇట్లు పేగు సాగుటవలనను, గాలి నిండుటవలనను కలిగినదే.

నేర్పరి అపుడు నెట్టడు, లాగును. గొట్టపు కొసను ఒక ముడుత వెనుకకు తగిలించి, గొట్టమును కుడివైపునకు మెలిపెట్టుచు మెల్లగా వెనుకకు తీయును. వెనుకకు తీయుచున్నను తెరమీద దారి ముందునకే సాగివచ్చును. లంగాకు బొందు ఎక్కించునపుడు పిన్నీసును కొంత ముందునకు దూర్చి, గుడ్డను దానిమీదికి కుచ్చులుగా లాగుకొనునట్లు, ఇచ్చట పేగును గొట్టముమీదికి కుచ్చుకొనవలెను. 5 అడుగుల పేగు అట్లు ముడుచుకొని వచ్చినచో, అంధనాళము చేరునప్పటికి లోన నున్న గొట్టము పొడవు 70, 80 సెంటీమీటర్లకు మించదు. గొట్టముమీద కొలత అంకెలు వేసియుండును కావున, ఆసనము దగ్గర ఏ అంకె యున్నదో చూచి, లోపల గొట్టము చక్కగా నున్నదో, చుట్టుకొన్నదో పరీక్షగదిలో నున్నవారెవరైనను చెప్పవచ్చును.

చక్కబడిన గొట్టము మరల చుట్టుకొనకుండ బయటినుండి పొట్టను అదిమిపట్టుట మరియొక విద్య. ఆ పని నర్సుది. "చెయ్యి పెట్టమ్మా, బొడ్డుకి కింద, ఎడమపక్క... అక్కడ కాదు, ఇంకొంచెం కిందకి... ఆఁ, అక్కడే, అట్టానే ఉంచు" అని డాక్టరు తెరమీదినుండి చూపు త్రిప్పకయే చెప్పును. అరచేయి సరిగా కుదిరిన క్షణమున, అంతవరకు మొండికేసిన మలుపు తనంతట తెరచుకొనును. చేతితో కానిచోట రోగినే త్రిప్పుదురు. ఎడమప్రక్కకు పండుకొన్నవానిని వెల్లకిలకు, వెల్లకిలనుండి కుడిప్రక్కకు త్రిప్పినచో పేగులోని వంపులు తమంతట సర్దుకొనును. మామూలు గాలికి బదులు బొగ్గుపులుసు గాలిని వాడినచో అది రక్తమున త్వరగా కలిసి ఊపిరివెంట పోవును గనుక పరీక్ష తరువాత కడుపుబ్బరము తగ్గును. "మత్తు ఇస్తారా అండీ?" అనునది మన రోగుల మొదటి ప్రశ్న. ఇత్తురు, ఇచ్చుట మంచిదే. కాని మత్తులోనున్న రోగి "అబ్బా" యనడు, కనుక మోటచేతిని హెచ్చరించునది ఇక ఏదియు నుండదు. మత్తువలన నొప్పి తెలియకపోవచ్చును గాని సాగిన పేగు సాగినట్లే యుండును. పేగు చిల్లిపడుట వేయిమందిలో ఒకరికంటెను తక్కువగనే జరుగును. ఆ తక్కువతనము నిలిచియున్నది ఈ లాగుడు విద్యమీదనే.

ఇంతవరకు చెప్పినది పోవుదారి. అంధనాళము చేరగానే పని ముగిసినదని రోగి అనుకొనును; కొందరు వైద్యులును అట్లే అనుకొందురేమో యని గొట్టము లాగు వేగము చూచినపుడు నాకు సందేహము కలుగును. నిజమునకు పరీక్ష మొదలగునది అచ్చటనే. లోనికి పోవునపుడు దారి వెదకుటయే గాని గోడలు చూచుటకు తీరిక లేదు, చూచుటయంతయు తిరుగుదారిలోనే. పెద్దపేగు లోపలితట్టు నున్నగా నుండదు. అర్ధచంద్రాకారపు ముడుతలు ఒకదాని వెనుక ఒకటిగా అడ్డము వచ్చుచుండును. ప్రతి ముడుతకును మనకు కనబడని వీపు ఒకటి యుండును. కాడతో వ్రేలాడు పాలిప్పును ఎవరైనను చూడగలరు. ముడుత వీపుమీద, చుట్టునున్న పొర రంగులోనే, కొలదిగా ఎత్తు పెరిగి, జిగురు పూత క్రింద దాగియుండు చదునైన మచ్చను చూచుటకు మాత్రము, పోయిన చోటికే మరల పోయి, ముడుతను కొసతో అణచి, నీటితో కడిగి, మిగిలిన నీటిని పీల్చి, ఆగవలెను. కుడిభాగమున ఇట్టి చదును మచ్చలు హెచ్చు.

ఈ ఆగుటకు అమెరికాలో లెక్క కట్టినారు. ఇల్లినాయ్ రాష్ట్రపు రాక్‌ఫర్డ్ పట్టణమున 12 మంది వైద్యులు 15 నెలలలో చేసిన 7,882 పరీక్షలను పరిశీలించి 2006లో ప్రకటించిరి. తిరుగుదారికి ఒకరు సగటున 3 నిమిషములు మాత్రమే తీసికొనగా, మరియొకరు 16 నిమిషములు దాటించిరి. 6 నిమిషములును అంతకు పైనను తీసికొన్నవారికి నూటికి 28 మందిలో అడినోమా, అనగా కాలక్రమమున కాన్సరుగా మారగల జాతి పాలిప్పు, దొరకినది. అంతకు త్వరపడినవారికి నూటికి 12 మందిలో మాత్రమే దొరకినది. జబ్బు రోగులలో లేక కాదు. 2014లో ఉత్తర కాలిఫోర్నియానుండి ఇంకను పెద్ద లెక్క వచ్చినది: 136 మంది వైద్యులు, 3,14,872 పరీక్షలు. అడినోమా కనుగొను పాలు ఒక వైద్యునికి నూటికి 7 అయినచో మరియొకరికి నూటికి 52. ఆ పాలు నూటికి ఒక్కటి పెరిగినకొలది, పరీక్ష చేయించుకొన్న తరువాతి యేండ్లలో ఆ రోగులకు కాన్సరు వచ్చు అపాయము నూటికి 3 చొప్పున తగ్గుచు వచ్చినది. పరీక్షలో ఏమియు లేదని చెప్పించుకొని నిశ్చింతగా ఇంటికి పోయి, కొన్నియేండ్లకు కాన్సరుతో తిరిగివచ్చిన దురదృష్టవంతుల లెక్క అది. మొదటి పరీక్ష ముగిసిన వెంటనే రెండవసారి చేసి చూచిన పరిశోధనలను కూర్చగా, పాలిప్పులలో నూటికి 22 మొదటిసారి కంటబడనేలేదని తేలినది.

అయినచో నిమిషములు నిర్ణయించి నిర్బంధించిన చాలునా యన్న ప్రశ్న పుట్టును. బోస్టనులో ఒక వైద్యాలయమున తిరుగుదారికి 7 నిమిషములు తప్పక తీసికొనవలెనని కట్టడి చేసిరి. వైద్యులు కట్టడిని చక్కగా పాటించిరి. దొరకిన పాలిప్పులు మాత్రము పెరుగలేదు. గడియారము వంక చూచుచు గొట్టము పట్టుకొని నిలుచుటకును, ముడుతల వంక చూచుచు నిలుచుటకును గల భేదము అది. అయినను కొలమానము బొత్తిగా లేకుండుటకంటె నుండుటయే మేలు. 2024లో అమెరికా వైద్యసంఘములు తిరుగుదారికి సగటున 8 నిమిషములును, నూటికి 35 మందిలో అడినోమా కనుగొనుటయు తగిన ప్రమాణమని నిర్ణయించినవి.

ఈ 35 అను అంకెను తెచ్చి మన గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల వీథులలో యథాతథముగా అతికించుటకు నేను ఒప్పుకొనను. ఆ దేశమున ఏ బాధయు లేనివారు 45 యేండ్లు నిండగానే ముందుజాగ్రత్తకై ఈ పరీక్షకు వత్తురు. మన దేశమున పెద్దపేగు కాన్సరు వారికంటె తక్కువ, ముందుజాగ్రత్త పరీక్షల జాతీయ పథకములో నోరు, రొమ్ము, గర్భాశయముఖము, ఈ మూడింటి కాన్సర్లకే చోటున్నది. మనవద్ద కొలనోస్కోపీకి వచ్చువాడు బాధతో వచ్చును: నెత్తురు, నెలల తరబడి విరేచనములు, రక్తహీనత, కడుపులో మెలిపెట్టు నొప్పి, బరువు తగ్గుట. మనకు ఈ పరీక్ష మేలు ముందుగా తెలియుచోటు వేరే యున్నది. పేగు క్షయ మన దేశపు వ్యాధి. అది ఎక్కువగా పట్టునది చిన్నపేగు చివరను, అది అంధనాళమున కలియు సంధిస్థానమును. అనగా మన పెద్ద శత్రువు దారికి సరిగా చిట్టచివరి మజిలీలో మాటువేసి యున్నాడు. కాలేయపు మలుపుదాక పోయి, రోగి ఓర్చలేదనియో, పేగు మెలిక పడినదనియో వెనుకకు తిరిగినవాడు మొత్తము దారిలో చాలవరకు చూచియుండవచ్చును; చూడవలసినది మాత్రము చూడలేదు. సంధి కవాటము దాటి, చిన్నపేగులోనికి నాలుగంగుళములు తొంగిచూచి, పుండ్లున్నచో పలుచోట్ల ముక్కలు తీసి పరీక్షకు పంపినగాని, అది క్షయయో, క్షయను అన్నివిధముల పోలియుండు క్రోన్స్ వ్యాధియో తేలదు. తేలకుండ మందు మొదలుపెట్టుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కర లేదు: క్రోన్స్ వ్యాధికి ఇచ్చు మందు రోగనిరోధకశక్తిని అణచునట్టిది, క్షయ యున్నవానికి అది ఇచ్చుట నిప్పును ఎగదోయుటయే. కావున మన ప్రాంతపు వైద్యుని తూచు తొలి తూనికరాయి, నా మతమున, అతడు అంధనాళమును నూటికి ఎంతమందిలో చేరుచున్నాడన్నదియే. నూటికి 95 మందిలో చేరవలెనని ప్రమాణము.

రోగి పాలు ఇచ్చట వచ్చును. ఎంత నేర్పరియైనను మలము నిండిన పేగులో ఏమియు చూడలేడు. పరీక్షకు ముందు త్రాగుటకు ఇచ్చు పొడి, సాధారణముగా 2 లీటర్ల నీళ్లలో కలుపునది, పేగు నంతటిని కడిగివేయును. చివరకు విరేచనము లేతపసుపు నీరుగా, పాత్ర అడుగు కనబడునంత తేటగా రావలెను. మిరపకును పచ్చళ్లకును పుట్టినిల్లయిన మన జిల్లాలలో ఈ శుద్ధికి ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. గొట్టములోని పీల్చుదారి వెడల్పు 4 మిల్లీమీటర్ల లోపు. పండుమిరపకాయ కారములోని గింజ అరుగదు, కరుగదు. నాలుగు గింజలు పీల్చుదారి మొగమున అడ్డముపడినచో పీల్చుట ఆగిపోవును, తెరమీద బురద నిలిచిపోవును. డాక్టరు మీటను నొక్కుచునే యుండును, నర్సు పిచికారీతో నీరు కొట్టుచునే యుండును, ముడుత వెనుకనున్నది అట్లే యుండిపోవును. గోంగూర పీచు, వంకాయ, దోసకాయ, టమోటా గింజలు, జామకాయ, ఇవన్నియు ఆ తెగవే. పరీక్షకు రెండు మూడు దినములు ముందునుండి తెల్లన్నము, ఇడ్లీ, మజ్జిగ, పప్పుకట్టు, ఇట్టివానితో సరిపెట్టుకొనుట గుంటూరువానికి కఠోరవ్రతమే యైనను తప్పదు. "పచ్చడి లేకుండా ముద్ద దిగదండీ" అన్న పెద్దాయనకు, చారునీళ్లు వడగట్టి పోసికొమ్మని చెప్పి పంపిన సందర్భములు లేకపోలేదు. ఇనుము మాత్రలు పేగును నల్లజేయును గనుక కొన్నిదినములు ముందుగా మానవలెను. చక్కెరవ్యాధికిని, రక్తము పలుచబరచుటకును మందులు వాడువారు ఎవరికి వారుగా మానక, డాక్టరు నడిగి నడచుకొనవలెను.

ఆ రెండు లీటర్లను ఎప్పుడు త్రాగవలెనన్నది మిక్కిలి ముఖ్యము. అంతయు ముందురోజు సాయంకాలమే త్రాగి నిదురపోయినచో, తెల్లవారునప్పటికి చిన్నపేగునుండి పైత్యపు జిగురు వచ్చి కుడిభాగమున పూతగా పరచుకొనును. చదును మచ్చలుండునది అక్కడనే, మన క్షయ యుండునదియు అక్కడనే. అందుచేత సగము ముందురాత్రి, సగము పరీక్షకు 4, 6 గంటలు ముందుగా మొదలిడి, 2 గంటలు ముందుగా ముగియునట్లు త్రాగవలెనని శాస్త్రము. కాని 9 గంటల పరీక్షకు అద్దంకినుండియో, కనిగిరినుండియో తెల్లవారుజామున ఆర్టీసీ బస్సెక్కు మనిషి రెండవసగమును ఎప్పుడు త్రాగును? త్రాగి, ఆ బస్సులో ఏమగును? పెదకాకానివానికి గుంటూరు కూతవేటు దూరము. అతడు ఇంట త్రాగి, ఇంట తిరిగి, తీరికగా ఆటో యెక్కవచ్చును. దూరపువారు సిగ్గుకు వెరచి అంతయు రాత్రియే త్రాగివేయుదురు, లేదా రెండవసగమును కాలువలో పారబోసి త్రాగితిమని చెప్పుదురు. వారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. దూరపువారికి మధ్యాహ్నపు వేళ ఇచ్చి, రెండవసగమును ఆసుపత్రిలోనే త్రాగునట్లు ఒక మంచము, తలుపు గడియపడు శుభ్రమైన మరుగుదొడ్డి ఏర్పరచుటకు కొత్త యంత్రము కొనుటకయినంత ఖర్చు కాదు. ఫలితము మాత్రము ఆ యంత్రముకంటె ఎక్కువ.

శుద్ధికి కూడ మార్కులున్నవి. బోస్టను కొలమానమను దానిలో పేగును కుడి, నడుమ, ఎడమ యని మూడు భాగములు చేసి, ఒక్కొక్కదానికి 0 నుండి 3 వరకు వేయుదురు, మొత్తము 9. ప్రతి భాగమునకును కనీసము 2 వచ్చినగాని ఆ పరీక్ష చెల్లదు. ఎడమకు 3, నడుమకు 3, కుడికి 1 వచ్చిన పేగును చూచి అంతయు బాగున్నదని వ్రాయుట వ్రాతపొరపాటు కాదు, అసత్యము.

గొట్టపు శుభ్రతనుగూర్చి ఒక్కమాట. ఒక రోగినుండి మరియొక రోగికి పోవు వస్తువు గావున, ప్రతి పరీక్ష తరువాత దానిలోని సన్నని దారులనన్నింటిని కుంచెతో తోమి, కడిగి, క్రిమిసంహారక ద్రవమున నిర్ణీతకాలము ముంచి, మంచినీట జాడించి, లోపలి తేమ ఆరునట్లు నిలువుగా వ్రేలాడదీయవలెను. తోముట మానివేసి ద్రవములో ఎంతసేపు నానవేసినను ప్రయోజనము లేదు. ఒక్క గొట్టముతో పూటకు ఇరువది పరీక్షలు చేయుదుమని గొప్పగా చెప్పుకొనుచోట, తోమువారికి తీరిక ఎప్పుడు దొరకుచున్నదో అడుగవలెను.

ఈ విద్యలో తెలుగువారి పేరు తక్కువది కాదు. విశాఖపట్టణమున 1956లో జన్మించి, కర్నూలు వైద్యకళాశాలలో చదివిన డాక్టరు దువ్వూరు నాగేశ్వరరెడ్డిగారు హైదరాబాదున 1994లో నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీకి దేశదేశములనుండి వైద్యులు గొట్టము పట్టుట నేర్చుకొనుటకు వచ్చుచున్నారు. అమెరికా ఎండోస్కోపీ సంఘము తన అత్యున్నత సత్కారమైన రుడాల్ఫ్ షిండ్లర్ పురస్కారమును 2021లో వారికి ఇచ్చినది; భారతీయులలో అది పొందిన మొదటివారు వారే. 2025లో పద్మవిభూషణ్ పురస్కారము వచ్చినది. 1946లో వెలసిన గుంటూరు వైద్యకళాశాలయు, దాని పెద్దాసుపత్రియు, నేడు మంగళగిరిలోని ఎయిమ్సును మనకు దగ్గరలోనే యున్నవి. నేర్పు కొరవడి మనము వెనుకబడలేదు. నేర్పును లెక్కకట్టు అలవాటు, ఏ వైద్యుడు నూటికి ఎంతమందిలో తుది చేరినాడు, ఎంతసేపు చూచినాడు, ఎన్ని కనుగొన్నాడు అని నెలనెలకు వ్రాసి గోడకు తగిలించు అలవాటు, మన ఆసుపత్రులలో ఇంకను వేళ్లూనలేదు. కృత్రిమమేధ తెరమీద పచ్చని చదరము గీసి ఇదిగో పాలిప్పు అని చూపు యంత్రములు వచ్చినవి. అవి కూడ గొట్టపు కొస చూచిన చోటునే చూడగలవు, ముడుత వీపును త్రిప్పి చూపలేవు.

పరీక్షయే సర్వరక్షకమని నేను చెప్పబోను. పోలండు, నార్వే, స్వీడను దేశములలో 84,585 మందిని తీసికొని, కొందరిని ఈ పరీక్షకు ఆహ్వానించి, పదేండ్లు కనిపెట్టి చూచి 2022లో ప్రకటించిన ఫలితమున, ఆహ్వానము పొందినవారిలో పెద్దపేగు కాన్సరు నూటికి 18 పాళ్లు తగ్గినది. ఆశించినదానికంటె అది తక్కువ. ఆహ్వానితులలో నూటికి 42 మంది మాత్రమే పరీక్షకు వచ్చిరన్నది ఒక కారణము. మరియొకవైపున, అమెరికాలో పాలిప్పులు తీయించుకొన్నవారిని దీర్ఘకాలము అనుసరించి చూడగా ఆ కాన్సరుతో కలుగు మరణములు సగమునకు పైగా తగ్గినట్లు 2012లో తేలినది. ఈ రెండు లెక్కలకును నడుమ ఎక్కడనో సత్యమున్నది. అది ఎటు మొగ్గునన్నది, రోగులు ఎందరు వచ్చిరన్నదానిపై ఆధారపడినట్లే, తిరుగుదారిలో వైద్యుడు ఎట్లు చూచెనన్నదానిపైనను ఆధారపడియుండును.

మిరపకాయ కారమువలననే ఈ బుడిపెలు పుట్టునా యని మనవారు తప్పక అడుగుదురు. అట్లనుటకు తగిన నిదర్శనము నాకు కానరాలేదు. పొగ త్రాగుటకును పాలిప్పులకును గల చుట్టరికమునకు మాత్రము నిదర్శనములు బలముగా నున్నవి. పొగాకు బోర్డు గుంటూరిలోనే యుండుటచేత మనమామాట పైకి అనము, నేరమంతయు మిరపకాయమీద త్రోయుదుము.

పరీక్ష ముగించుకొని వచ్చువాని చేతికి ఒక కాగితము ఇత్తురు. దానిలో అంధనాళము చేరినట్లు వ్రాసియున్నదా, చేరినందుకు సాక్ష్యముగా ఉండుకపు (అపెండిక్సు) రంధ్రము, సంధి కవాటము కనబడు ఛాయాచిత్రములున్నవా, శుద్ధికి మార్కులెన్ని, తిరుగుదారికి పట్టిన కాలమెంత, చిన్నపేగులోనికి తొంగిచూచిరా లేదా, ముక్కలు తీసినచో ఎక్కడెక్కడ తీసిరి, ఇవి చూచుకొనవలెను. చదువురానివారు చదువుకొన్న పిల్లలచేత చదివించుకొనవలెను. లేనిచో, "డాక్టరుగారూ, చివరిదాకా వెళ్లారా అండీ? కడుపు శుభ్రంగా ఉందా?" అని అడుగుటలో అమర్యాద ఏమియు లేదు; పని చేసినవాడు సంతోషముతో బొమ్మ తీసి చూపును. శుద్ధి చాలనిచో ఏడాదిలోపున మరల చేయించుకొనవలసియుండును. శుద్ధి బాగుండి, తుదిదాక పోయి, ఏమియు కనబడక, వంశమున ఈ కాన్సరు లేనివానికి పదేండ్లవరకు మరల ఈ పరీక్ష అక్కరలేదు. ఆ పదేండ్లలో డాక్టరు మారవచ్చును, ఆసుపత్రి మారవచ్చును గనుక, ఆ కాగితమును ఛాయాచిత్రములతో సహా పట్టాదారు పాసుపుస్తకముతోపాటు పెట్టెలో దాచి, తరువాత ఎప్పుడు ఏ వైద్యుని దగ్గరకు పోయినను వెంట తీసికొనిపోవలెను.